ఎర్ర గుడికి సిమెంటు పూత

“వచ్చే ఏడు నీ సున్నమే పెట్టిద్దాం, సిస్టర్” అన్నాడాయన.

“అప్పటికి గోడుంటేగా, అంకుల్!” అన్నాను.

చైనావాళ్ల గుడి చూసుకునే ఆ పెద్దాయనకూ నాకూ మధ్య అవే ఆఖరి మాటలు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. చెబుతుంటే మా మరదలు సుజాత రాస్తోంది. మా ఆయన గుళ్లు కట్టే మేస్త్రి. ఆ పని మీదే మమ్మల్ని ఆస్ట్రేలియా రప్పించారు. సున్నం నానబెట్టి, ఇసుకతో కలిపి మెదపడం నా పని. ఆయన పోయిన మరుసటి ఏడు, వేసవిలో, మేముండే వెర్రిబీ నుంచి రెండు గంటల దూరంలోని పాత గనుల ఊరికి, ఓ గుడి బాగుచేయడానికి కంపెనీవాళ్లు నన్ను పంపారు. నా పైన ఇంజనీరు రఘు, మనవాడే.

బంగారం తవ్వుకోవడానికి వచ్చిన చైనావాళ్లు అక్కడి మట్టితోనే ఇటుకలు కాల్చి కట్టుకున్న గుడి అది. నడుమ దేవుడి గది, ఒక పక్క చనిపోయినవాళ్ల పేరుపలకల గది, రెండో పక్క గుడి చూసుకునేవాళ్ల కాపురం. అన్నిటికీ ఎర్రరంగు. ఇటుక మెత్తన, అతుకు సున్నం. నేల చెమ్మ ఆ సున్నంలోంచే బయటికి పోవాలి. ఎవరో మహానుభావుడు గోడ అడుగున సిమెంటు పూశాడు. దారి లేక చెమ్మ ఇటుకలోకి ఎక్కి, పేరుపలకల గది గోడ పిండిపిండిగా రాలుతోంది.

సిమెంటు ఒలిచి, గోడ ఆరనిచ్చి, సున్నం పెట్టాలన్నాను. రఘు తల పట్టుకున్నాడు.

“ఆంటీ, సున్నం సెట్ అవడానికి వీక్స్ పడుతుంది. వాళ్ల న్యూ ఇయర్‌కి టెన్ డేస్ కూడా లేవు!”

“పది రోజులు దాటితే దేవుడు లేచిపోతాడా?”

“మీకేం ఆంటీ, రిపోర్ట్ రాసేది నేను.”

పెద్దాయన్ని అడిగాం. పండక్కి జనం తమ పెద్దల పేర్లకు మొక్కడానికి వస్తారు, గది మూయలేనన్నాడు. మళ్లీ సిమెంటే పూశారు. నేను అరిచి, తాపీ విసిరేసి బయటికొచ్చాను. గేటు దాకా వెంట వచ్చి ఆయన అన్న మాటే మొదట రాయించాను.

చలికాలంలో ఆ సిమెంటు ఇటుకల పైపొరను పట్టుకుని పలకలుగా ఊడిపడింది. గోడ విప్పాల్సి వచ్చింది. నన్నే పిలిచారు. వెళ్లేసరికి పెద్దాయన పోయి నెల. ఆయన పేరుపలక పెట్టడానికి గది లేదు. చెక్కపెట్టెలో ఉంచారు. గోడ లేపేసరికి నాలుగు నెలలు.

నేర్చుకున్నదొకటే. సున్నం సంగతి నోటితో వాదించకూడదు. ఆ రోజు ఒక ఇటుక ఊడదీసి, ఎలా పిండవుతోందో పెద్దాయన్నే బొటనవేలితో నొక్కి చూడమంటే సరిపోయేది. నేను అరిచాను.

సుజాతా, ఇప్పుడు మొత్తం చదివి వినిపించు. నేను అనని మాట ఒక్కటున్నా కొట్టేయిస్తాను.