బాయికాడి తాత అసలు పేరు

రోజంతా జనాన్ని పేరు పెట్టి పిలవడమే నా ఉద్యోగం. శంషాబాద్ విమానాశ్రయంలో గేటు దగ్గర నిలబడి, విమానం తలుపులు మూసే వేళకు ఇంకా దోసె తింటూ కూర్చున్న మహానుభావులను వెతికి పట్టుకుని ఎక్కించాలి. పంజాబీ పేర్లు, తమిళ పేర్లు, నోరు తిరగని విదేశీ పేర్లు, అన్నీ గొంతు చించుకుని అరిచినదాన్ని. అలాంటిది మా బాపుకు సొంత తాత పేరు తెలియదన్న సంగతి నాకు కిందటేడు పెత్రమాస నాడు తెలిసింది.

పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య. ఆ రోజు పెద్దల పేరున బియ్యం ఇస్తాం. విస్తరిలో బియ్యం, పప్పు, చింతపండు, నాలుగు కూరగాయలు పెట్టి పోయినవాళ్ల పేర్లు చెప్తే, అయ్యగారు మంత్రం చదివి తీసుకుంటారు. పాత అయ్యగారు మా ఊరి మనిషే. బాపు "బాయికాడి తాత", అంటే బావి దగ్గరి తాత, అనగానే తలూపి, మిగతాది ఆయనే చూసుకునేవారు. ఆయన కాలం చేశాక కొత్తాయన వచ్చారు. గోదావరి వైపు నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డారు. స్కూటరు మీద పదిళ్లు తిరగాలి కాబట్టి కబుర్లకు కూర్చోరు.

"తండ్రిగారి నామధేయం చెప్పండి" అన్నారు. బాపు చెప్పాడు.

"తాతగారిది?"

"బాయికాడి తాత."

"అది పేరు కాదండీ, చిరునామా."

నాకు నవ్వొచ్చింది గానీ బాపు మొహం చూసి మింగేశాను. ముత్తాత పేరు తెలియకపోతే ఏదో సర్దుబాటు ఉందట, తాత పేరే తెలియదంటే ఎలాగండీ అని అయ్యగారు మర్యాదగానే అన్నారు. ఆ మర్యాద బాపుకు ఇంకా గట్టిగా తగిలింది. ఆయన పుట్టకముందే తాత పోయాడు, అంబాడే వయసులో తండ్రి పోయాడు. కాగితం ముక్క కూడా మిగల్లేదు. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

"ఇన్నేండ్లు నేను పెట్టింది తాతకు ముట్టిందో లేదో బిడ్డా. ఆకలితోటి ఉన్నడేమో" అన్నాడు. అరవై దాటిన మనిషి, కళ్లు తుడుచుకున్నాడు.

విచిత్రమేమిటంటే, పేరు తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. నానమ్మ, అంటే బాపు తల్లి. బాయికాడి తాత ఆమెకు స్వయానా మామ. చిక్కల్లా అక్కడే. కోడలు మామ పేరు నోటితో అనకూడదు.

"గా ముచ్చట నన్నడగకుర్రి. మామ పేరు నోట్లకెల్లి ఎట్లెల్తది?" అంది.

"ఇప్పుడెవరు వింటున్నరు నానమ్మా?"

"ఆయిన ఇంటడు. రేపు పైకి పోయినంక ఎదురొస్తే ఏం మొగం వెట్టుకొని నిలవడాలె?"

నేను మా ఆయన్ని పేరు పెట్టి, అదీ సగానికి విరిచి పిలుస్తుంటే చెవులు మూసుకునే మనిషి ఆమె. సరే, నేను పేర్లు చదువుతాను, అసలుది రాగానే తలూపు అన్నాను. తల ఊపినా అన్నట్టే అంది. మొండి ఘటం. ఆ మొండితనం ఇంట్లో ఇంకెవరికి వచ్చిందో మా ఆయన్ని అడిగితే చెప్తాడు. నాకు ఒళ్లు మండి, నువ్వు చెప్పకపోతే సర్కారు చెప్తుంది పో అని మండలాఫీసుకు బయల్దేరాను.

"ఏం కావాలక్కా?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"మా ముత్తాత పేరు."

"భూమి లొల్లా?"

"కాదన్నా."

"అన్నదమ్ముల కేసా?"

"కాదు. పేరొక్కటే కావాలె."

అతను కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ నన్ను చూశాడు. "గజం ఇంత ధర ఉన్నకాడ ఉత్త పేరు కోసం ఎవలొస్తరక్కా? జర నిజం చెప్పు."

నిజమే చెప్పానని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అతను నమ్మినా వసారాలో నిలబడ్డ తెల్లచొక్కా ఆసామి నమ్మలేదు. టీకొట్టు దాకా నా వెంటే వచ్చి, "అక్కా, ఎన్నెకరాలు? పార్టీ రెడీగున్నది" అని చెవిలో ఊదాడు. పిండం పెట్టడానికి పేరు కావాలయ్యా అంటే, "అయితే వారసులు ఇంకెంతమంది?" అన్నాడు.

మా ఊరు ఇప్పుడు లేదు. అది ఉన్నచోట విమానాలు దిగుతున్నాయి. ఈ విషయం తలుచుకుని బాధపడాల్సింది పోయి బాపు గర్వపడేవాడు. కొత్తూరు నుంచి చుట్టాలెవరొచ్చినా మిద్దె మీదికి తీసుకుపోయి, దిగుతున్న విమానాన్ని చూపించి, "గదంత మన భూమే. మన బాయి మీదనే దిగుతున్నయి" అనేవాడు. మరి పరిహారం ఎంతొచ్చిందని అడిగితే, మన తాత ఎప్పుడో అమ్ముకున్నడు అని దాటేసేవాడు.

ఆ బావే పనికొచ్చింది. గుమాస్తా పాత ఊరి నక్ష పరిస్తే, పొలాల మధ్య ఒకటే బావి గుర్తు. ఆ సర్వే నంబరు మీద పాత పహాణీ, అంటే భూమి రికార్డు, నకలుకు అర్జీ పెట్టి, రెండు వారాలు తిరిగితే కాగితం చేతికొచ్చింది. తీరా చూస్తే మొత్తం ఉర్దూ.

మా వెనక గల్లీలో రిటైరైన ఉర్దూ పంతులు ఒకాయన ఉన్నాడు. మేమంతా చాచా అంటాం. కాగితం ఇవ్వగానే చదువుతాడనుకున్నాను. ఆయన ముందు ఆ చేతిరాతను మెచ్చుకున్నాడు. తర్వాత ఈ కాలం పిల్లల చేతిరాతను తిట్టాడు. తర్వాత టీ తెప్పించాడు. నా డ్యూటీ బస్సు వచ్చే వేళకు పట్టాదారు గడిలో ఉన్న పేరు తాపీగా చదివాడు. నేను రాసుకుని లేచాను.

"జర ఠైరో బేటీ, పక్క ఖానా గూడ ఉన్నది."

ఆ పక్క గడిలో ఏముందో వినకుండా, "చాలు చాచా, బస్సొచ్చింది" అని ఉరికాను.

బాపు ఆ పేరు చూసి కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. నానమ్మ ముందు ఆమె మామ పేరు అనడం బాగుండదని, మిద్దె మీదికి పోయి చిన్నపిల్లాడిలా వల్లె వేసుకున్నాడు. పెత్రమాస దాకా ఎవరూ నోరు విప్పొద్దని మాకందరికీ ఆజ్ఞ. ఆ నెలలన్నీ నేను ఇంట్లో పెద్ద మనిషినైపోయాను. నానమ్మను చూసి, చెప్పకపోతే ఏమైంది, దొరకలేదా అన్నట్టు నవ్వేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

ఈ ఏటి పెత్రమాస వచ్చింది. అయ్యగారు స్కూటరు దిగారు. విస్తరి సిద్ధం. నానమ్మ గడప పక్కన కూర్చుంది.

"తాతగారి నామధేయం?"

బాపు ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"గదెవని పేరురా?" అంది నానమ్మ.

"తాత పేరే అవ్వా. సర్కారు కాగితంల ఉన్నది."

"మీ తాతనా వాడు? వాడు పట్టాదారు. మీ తాత వాని బాయికాడ మోట కొట్టిండు, గందుకే బాయికాడి తాత అన్నరు. ఎండల నోరెండి నీళ్లడిగితే, ముందు ఎడ్లకు తాపి నువ్వు తాగు అన్న మనిషి వాడు. వానికి పెడ్తవారా మా మామ బియ్యం?"

బాపు భూమి, బావి, దాని మీద దిగే విమానాలు అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. ఆయన నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

అయ్యగారు గడియారం చూసుకున్నారు. "అమ్మా, నేనింకా చాలా ఇళ్లకు వెళ్లాలి. అసలు పేరు చెప్పండి. లేదంటే ఈ పేరుతోనే కానిచ్చేద్దాం."

నానమ్మ విస్తరిని చూసింది. బాపును చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. తర్వాత పేరు చెప్పింది. గట్టిగా కాదు, అందరికీ వినబడేట్టు. చెప్పిన మరుక్షణం కొంగు తల మీదికి లాక్కుని, లేచి తలుపు వెనక్కి పోయింది. ఆమె అట్లా పోవడం చూసి, ఆ మామ నిజంగా లోపలికొచ్చాడేమోనని నేను గుమ్మం వైపు తిరిగి చూశాను.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె అంత కష్టపడి అన్న మాటను నేను ఉత్తపుణ్యానికి వాడుకోలేను. బాపు దాన్ని అందుకుని పలికాడు. అయ్యగారు నీళ్లు వదిలించి, "వారి ధర్మపత్ని పేరు?" అన్నారు.

మేమంతా తలుపు వైపు చూశాం.

"మా అత్త పేరు నాకు తెల్వదయ్యా" అంది నానమ్మ లోపలి నుంచి. "తెలిస్తే చెప్పకపోదునా, మామదే చెప్తి. ఆమెను పేరు వెట్టి ఎవలు పిలువంగ నేనినలె."

దానికి అయ్యగారి దగ్గర సర్దుబాటు ఉంది. అలాగే కానిచ్చారు.

ఆయన వెళ్లగానే నేను కాగితం పట్టుకుని చాచా దగ్గరికి పోయాను. పక్క గడిలో, సాగు చేసేవాళ్ల వరుసలో, నానమ్మ చెప్పిన పేరే ఉంది. "చదువుతనంటే ఉరికితివి గదా బేటీ" అన్నాడు చాచా. బాయికాడి తాత భార్య పేరు ఎక్కడైనా ఉందా అని అడిగాను. వేలు పెట్టి పైనుంచి కింది దాకా వెతికి, "ఆడోళ్లకు ఖానానే లేదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నానమ్మ బతుకమ్మ కోసం వాకిట్లో తంగేడు పూలు దూస్తోంది. చాచా అన్న మాట చెప్పాను. కాసేపు పూలు దూసింది.

"నా పేరు గూడ గట్లనే పోతది గదా" అంది.

"నీది ఆధార్ కార్డుల ఉన్నది నానమ్మా."

"కార్డుల ఉంటే ఏంది, పిలిచేటోళ్లేరి? మా అవ్వ పోయినంక నన్ను పేరు వెట్టి పిలిచినోళ్లు లేరు." తంగేడు కొమ్మ పక్కన పెట్టి, "నువ్వు ఆడ అందర్ని పేరు వెట్టి పిలుస్తవంట గదా. గట్ల నన్నొక్కపారి పిలు" అంది.

లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకుని, డ్యూటీలో ఎలా పిలుస్తానో అలాగే, ఆమె పేరుకు గారు తగిలించి, ప్రయాణికురాలు ఎక్కడున్నా వెంటనే గేటు దగ్గరికి రావాలని పిలిచాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

నానమ్మ చెయ్యెత్తింది. "ఇగో, ఈడనే ఉన్న" అంది. తర్వాత, "ఇంకొక్కపారి" అంది.

మళ్లీ పిలిచాను. ఇదే చివరి పిలుపు అని మేం ఆఖర్న అనే మాట మాత్రం అనలేదు.