లోపలి గడియ

మా మేనత్తను బంధువులంతా గడియత్త అంటారు. ఎదురుగా అనరు, ఆవిడ నోటికి జడిసి. ఎవరింటికి వెళ్ళినా ముందు బాత్రూములోకి దూరి, లోపలి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంటేగానీ వచ్చి కుర్చీలో కూర్చోదు. గడియ గట్టిగా ఉంటే ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు. వదులుగా ఉంటే, నేలంతా పాలరాయి పరిపించినా సరే, "ఏం బతుకులో!" అని పెదవి విరుస్తుంది. నేను ముచ్చటపడి అద్దెకు తీసుకోబోయిన ఇంటిని కూడా ఇదే వంకతో చెడగొట్టింది. ఆ తర్వాతి వానకే ఆ ఇంటి కప్పు కారిందని తెలిసింది గానీ, అప్పట్లో మాత్రం ఆవిడను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. అత్త పెరిగింది వరసగా కట్టిన అగ్గిపెట్టె ఇళ్ళలో. వాటన్నిటికీ కలిపి ఒకటే మరుగుదొడ్డి. లోపల ఉన్నంతసేపూ ఎవరో ఒకరు తలుపు బాదుతూనే ఉండేవారు. తర్వాత చొక్కాల కంపెనీలో కాజాలు కుట్టే పని. అక్కడ ఒక వరస ఆడవాళ్ళందరికీ ఒకటే టోకెను, సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడే చెక్క బిళ్ళ. దాన్ని మెళ్ళో వేసుకున్న మనిషే బాత్రూముకు వెళ్ళాలి. ఆవిడ తిరిగొచ్చి తగిలించేదాకా మిగతావాళ్ళు బిగబట్టుకుని కుట్టాలి. అలా బతికిన మనిషిని సుఖమంటే ఏమిటని అడిగితే సముద్రం ఒడ్డున మేడ అని చెబుతుందా?

మామయ్యది దీనికి పూర్తిగా తిరగబడ్డ వరస. చిన్నప్పుడు ఆయనకున్నది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ ఒకరోజు బాత్రూములో గడియ వేసుకుని జారిపడింది. ఈయన బయట నిలబడి తలుపు గుద్దుతూ ఏడ్చాడు. ఇరుగుపొరుగు వచ్చి పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది. పిలిస్తే పలికే దూరంలో నలుగురు మనుషులుండాలి, అదీ అప్పట్నుంచీ ఆయన దృష్టిలో బతుకంటే. ఉద్యోగం కూడా ఏరికోరి బస్సు కండక్టరుది చేశాడు. సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి తలుపుకు తప్ప దేనికీ గడియ పెట్టనివ్వలేదు. ఇల్లు ఎప్పుడూ సత్రంలా ఉండేది. బాత్రూములో ఉన్నవాళ్ళు, ఉన్నామని తెలియడానికి, దగ్గుతూ ఉండాలి. ఒకసారి అత్త డాక్టరుగారి బాత్రూములోనూ అలవాటుగా దగ్గితే, ఆయన అడగకుండానే మందు రాసిచ్చాడు.

అత్త రిటైరైనప్పుడు కంపెనీ ఇచ్చిన డబ్బుతో హాలు పెంచుదామన్నాడు మామయ్య, వచ్చేపోయేవాళ్ళు ఇరుకున పడుతున్నారని. అత్త మర్నాడే మేస్త్రీని పిలిపించి పాత బాత్రూమును పడగొట్టించేసింది.

"ఇది నేను బిగబట్టుకుని సంపాదించిన డబ్బు. కొత్త బాత్రూము కట్టిస్తా," అంది.

"కట్టించుకో. గడియ మాత్రం పెట్టనివ్వను."

"పెడతా."

బీరువాలోంచి ఒక ఇత్తడి గడియ తీసింది. ఎప్పుడు కొన్నదో ఏమో, అందరూ నగలు దాచుకునే చోట దాచుకుంది. బాత్రూము పూర్తయ్యేదాకా మామయ్య ముఖం మాడ్చుకుని తిరిగాడు.

వడ్రంగి దాన్ని బిగించి వెళ్ళిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాడు గుమ్మం దాటాడో లేదో, అత్త లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఎంతసేపటికీ రాకపోయేసరికి మామయ్య వెళ్ళి తలుపు తట్టాడు.

"గడియ రావట్లేదండీ," అంది అత్త లోపల్నుంచి, బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా.

బీరువాలో ఏళ్ళ తరబడి పడున్న ఇత్తడి బిగుసుకుపోయినట్టుంది. మామయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. భుజంతో తలుపు గుద్దాడు. తలుపేమో కొత్త టేకు, భుజమేమో పాతది. "వడ్రంగిని పిలవ్వే!" అని నా మీద అరిచాడు. నేను ఫోను చేశాను. దారిలోనే ఉన్నానన్నాడు, అంటే ఇంకా బయల్దేరలేదన్నమాట.

"నేను పడలేదండీ. బకెట్టు బోర్లించి కూర్చున్నా. మీరూ కూర్చోండి," అంది అత్త.

మామయ్య స్టూలు లాక్కుని తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. అరచెయ్యి తలుపు మీంచి తియ్యలేదు. నా అలవాటు ప్రకారం ఇక్కడ నవ్వాలి. నవ్వు రాలేదు.

"మాట్లాడుతూ ఉండవే," అన్నాడు.

అత్త అందుకుంది. "పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు ఓ రోజు ఆలస్యంగా వచ్చానని తిట్టారు, గుర్తుందా? ఇంటినిండా జనం ఉన్నారు."

"తిట్టనిదెప్పుడు? ఏదని గుర్తుంటుంది?"

"ఆ రోజు టోకెను ఎంతకీ తిరిగి రాలేదు. ఇక ఆగలేనని చెబితే సూపర్‌వైజరు నోర్మూసుకుని కుట్టమన్నాడు. కుట్టా. కుర్చీలోనే అయిపోయింది. అందరూ వెళ్ళేదాకా లేవకుండా కూర్చున్నా. అందుకే ఆలస్యం."

ఇన్నేళ్ళు పక్కనే ఉన్నా చెప్పని మాట, మధ్యలో తలుపు ఉంటేగానీ ఆవిడ నోట రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

"నాతో చెప్పలేదేం?" అన్నాడు మామయ్య.

"ఎక్కడ చెప్పమంటారు? మనింట్లో తలుపేసుకునే చోటుందా?"

వడ్రంగి తీరిగ్గా వచ్చి, సందులోంచి సన్నటి రేకు దూర్చి గడియ జరిపాడు. అత్త షికారు నుంచి తిరిగొచ్చినట్టు బయటికి వచ్చింది. "ఈ వయసులో లోపల గడియెందుకమ్మా? ఊడదీసేస్తా," అంటూ వాడు స్క్రూడ్రైవరు తీశాడు. మామయ్య జీవితమంతా అన్న మాటే అది. నేను ఆయన వైపు చూశాను.

"దాని మీద చెయ్యేశావంటే విరుస్తా. నూనె పెట్టు," అన్నాడు మామయ్య.

ఇప్పుడు అత్త లోపలికి వెళ్తే ఆయన బయట స్టూలు వేసుకుని కూర్చుంటాడు. తలుపు తట్టడు. మధ్యలో ఒకసారి "ఉన్నావా?" అంటాడు. "ఉన్నా," అంటుందావిడ. మొన్న నేను వెళ్ళేసరికి ఇదే కాపలా నడుస్తోంది.

"మామయ్యా, నాకు అర్జెంటు."

"లోపల మనిషుంది, కనపడట్లేదా? పక్కింటికి పో."

పక్కింటికే పోయాను. వాళ్ళ గడియ వదులు. ఏం బతుకులో!