గేదె వద్దన్న నీళ్లతో దబ్బకాయ

ధవళేశ్వరంలో కాలవల ఆఫీసు గుమాస్తాగా ఉన్న రోజులవి. ఆనకట్ట దగ్గర ఆగిన గోదావరిలోంచి ఏ కాలవకు ఎంత నీరు వదలాలో రాసే కాగితాలు నా చేతి మీదుగా నడిచేవి. బి.ఏ. దాకా చదివినవాణ్ణి కనుక పెద్దగా తప్పులు దొర్లేవి కావు. ఇంట్లో ఒక్క కుండెడు బియ్యం కడిగిన నీళ్లు పంచడం మాత్రం నా వల్ల కాలేదు.

ఆ నీళ్లకు హక్కుదారులు ఇద్దరు. మొదటిది గేదె. వంటింట్లోంచి బయటికొచ్చే కడుగు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి గోలెంలోకే పోవాలన్నది మా ఇంటి శాసనం. దానికి మా అమ్మ కాపలా. రెండోది, నరసాపురం నుంచి కాపరానికి వస్తూ మా ఆవిడ పడవలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన దబ్బమొక్క. దొడ్లో పాతాక అది కొన్నేళ్లపాటు ఆకులు మాత్రం ఘనంగా వేసింది.

"ఈ ఏడు కూడా కాయకపోతే కొట్టించేసి ఆ చోట గడ్డిమేటు వేయిస్తాను," అంది అమ్మ.

అమ్మ మాట మా ఆఫీసు ఆర్డరు లాంటిది కాదు. అమలు జరిగేది.

"అయితే గేదె ముట్టనివన్నీ నాకు వదిలెయ్యండి అత్తయ్యగారూ," అంది మా ఆవిడ.

"ముట్టనిదేముందే దానికి? నిన్న నా చీర చెంగే నమిలింది!"

ముట్టనివి ఉన్నాయి. పొయ్యిలో బూడిద, చింతపండు పిప్పి, అన్నిటినీ మించి చేపలు కడిగిన నీళ్లు. కార్తీకమాసం తప్ప మా ఇంట్లో చేప ఉడకని వారం లేదు. మా ఆవిడ ఆ నీళ్లను పొలుసుతో సహా చెట్టు మొదట్లో పోసి, పైన మట్టి కప్పేది. ఊళ్లో పిల్లులు మహా భక్తితో చెట్టుకు ప్రదక్షిణాలు చేసేవి. గేదె మాత్రం అటు తిరిగి చూడలేదు.

ఆ వేసవిలో పూత వచ్చింది. వానలు వెనకబట్టేసరికి కాయల బరువుకు కొమ్మలు వంగాయి. మా ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం వీధి చివరిదాకా వినిపించింది.

కాయలు తరిగి, ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, కారమూ మెంతిపిండీ నువ్వులనూనే కలిపి జాడీకెత్తింది. చెట్టుకు గండం గడిచిందనుకున్నాం. ఇంతలో కార్తీకం వచ్చింది.

"నీచునీళ్లు తాగిన చెట్టు కాయ అది. నేను ముట్టను. నా జాడీల పక్కన దాన్ని పెట్టొద్దు," అంది అమ్మ. "ఇంట్లో పెద్దదాన్ని నేను తినని కాయ కాసే చెట్టు దొడ్లో ఎందుకు?"

జాడీ వెళ్లి పాకలో గేదె పక్కన చేరింది. మా ఆవిడ ముఖం చూడలేక నేను రంగంలోకి దిగాను.

"అమ్మా, పొద్దున్న స్నానం ఎక్కడ చేశావు?"

"కాలవలో."

"అందులో చేపలుండవా?"

"ఉంటాయి. అవి బతికున్నాయి కదరా."

కాలేజీలో నేను తర్కం చదివాను. దీనికి సమాధానం ఆ పుస్తకంలో లేదు.

ఆ వారంలోనే పిఠాపురం నుంచి మా మేనత్త వచ్చింది. విస్తరి ముందు కూర్చుంటూనే మూట విప్పి చిన్న జాడీ ఒకటి తీసింది.

"మీ దొడ్లో కాసే యోగం లేదని మా దబ్బకాయ ఊరగాయ తెచ్చాను వదినా. ఏం చేస్తాం, అందరి కోడళ్లకూ ఆ చెయ్యి రావద్దూ?"

మా ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆగింది. అమ్మ పక్క విస్తరి ముందు నుంచి లేచి పాకలోకి వెళ్లింది. జాడీ చంకన పెట్టుకుని తిరిగొచ్చి, మేనత్త విస్తట్లో తనే ఊరగాయ వేసింది.

"కాయ మాది. చెయ్యి మా కోడలిది. తిని మాట్లాడు."

మేనత్త తింది. మాట్లాడలేదు. మళ్లీ వేయించుకుంది. "ఇంత రసం ఎలా పట్టింది వదినా? చెట్టుకేం వేస్తున్నారేంటి?"

"ఏముందమ్మా, గేదె తినగా వదిలిందే," అంది అమ్మ. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"మరి నువ్వు వేసుకోవేం?"

అమ్మ మా ఆవిడ వైపు చూసింది. ఒక ముక్క తీసి అన్నంలో కలిపి, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తీసుకుంది.

"ఉప్పు ఒక్క పిసరు తగ్గిందే," అంది.

మా ఇంట్లో ఇంతకంటే పెద్ద మెప్పు నా బి.ఏ.కి కూడా దొరకలేదు.

చేయి కడుక్కుంటూ అమ్మ కోడలితో అంది: "పై ఏటికి ఈ జాడీ చాలదు. రాజమండ్రి నుంచి పెద్దది తెమ్మని మీ ఆయనతో చెప్పు."

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అయినా మా ఆవిడ ఆ మాట నాకు మళ్లీ చెప్పింది, మేనత్తకు వినపడేటట్టు, కొంచెం గట్టిగా.