మరమ్మతు ఓడకు పోలి దీపం

మా వారు నేవీలో వెల్డరుగా పనిచేసిన మరమ్మతు ఓడను ఈ ఏడాది తుక్కు కింద విడగొట్టేశారు. ఆ కబురు విన్నాక, పోలిపాడ్యమి తెల్లవారుజామున మా ఇంటి దీపాలతో పాటు దాని పేరున కూడా అరటిదొప్పలో ఒక దీపం వెలిగించి కాలవకు తీసుకెళ్లాను. ఆయన్ని ప్రతిసారీ క్షేమంగా ఒడ్డుకు చేర్చిన ఓడ అది. ఆ మాత్రం కృతజ్ఞత ఉండొద్దా?

రేవులో మా అత్తగారి అక్క అడ్డుకున్నారు. "ఓడకి దీపమేంటే, చోద్యం కాకపోతే! పోనీ అదేమన్నా యుద్ధం చేసిందా? గ్యారేజీయే కదా!"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. గట్టు మీద నిలబడ్డ మా వారు తల దించుకున్నారు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయ్, గ్యారేజీయేనండీ. తుపాకీ పేల్చలేదండీ. ఇంజను పాడై నడిసముద్రంలో ఆగిపోయిన ఓడ పక్కకెళ్లి, తాళ్లతో కట్టుకుని, బాగుచేసి పంపేదండీ. ఆ ఓడల్లో కుర్రాళ్లందరూ అందుకే ఇళ్లకొచ్చేరండీ. పేపర్లో ఫిరంగులున్న ఓడల బొమ్మలే వేస్తారు, దీని ఊసే ఎత్తరు. మన ఇంట్లో మనమూ అంతేనాండీ?"

పెద్దవారి ముందు అలా గొంతెత్తడం నాకు అలవాటు లేదు. అయినా లెంపలేసుకోలేదు. దొప్పను నీళ్లలో వదిలాను. అది కాస్త దూరం పోయి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. మా వారు పంచె పైకి కట్టి, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఆకులు తప్పించి దాన్ని సాగనంపారు. ఆవిడ మాత్రం మొహం తిప్పుకునే ఉన్నారు.