ఆరో పాట సగమే ఉండాలి

అది 2008. అమలాపురం బస్టాండు వెనక సందులో నాకు పాటల దుకాణం ఉండేది. తొంభైలలో ఖాళీ క్యాసెట్ల మీద, జనం అడిగిన వరుసలో పాటలు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. క్యాసెట్ల కాలం వెనకబడ్డాక కంప్యూటర్ కొన్నాను. పాత క్యాసెట్లలోని పాటల్ని ఎంపీత్రీ ఫైళ్ళుగా, అంటే కంప్యూటర్ దాచుకోగలిగే రూపంలోకి మార్చి, పెన్ డ్రైవ్‌లో వేసివ్వడం కొత్త పని. నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు కంప్యూటర్ పుస్తకం ఒక్కో పేజీ గెలుచుకుంటూ పోతే కలిగే ఆనందం నాకు ఏ సినిమాలోనూ దొరకలేదు.

ఆ వానాకాలం ఉప్పలగుప్తం వైపు నుంచి రత్నం గారనే ఆవిడ ఒక క్యాసెట్ తెచ్చారు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తారట. క్యాసెట్ రీలు నలిగి ముడతలు పడింది.

"ఇది మా అత్తగారిదండి. మా మావగారు ఉన్నప్పుడు చేయించేరు. ఇప్పుడు మా ఆయన కొత్త పాటల పెట్టె కొన్నారు, దాంట్లో పెన్ డ్రైవే పడుతుందంట. వరుస మాత్రం మారకూడదండి."

"ఎక్కడికి పోతుందండీ, అలాగే ఉంటుంది" అన్నాను.

మొత్తం పన్నెండు పాటలు. గరగర తగ్గించాను. ఒకవైపు రీలు చాలక ఆరో పాట సగంలో తెగిపోయి ఉంది. ఆ పాట నా దగ్గర పూర్తిగా ఉంటే, సగం తీసేసి అది పెట్టాను. అడక్కుండానే మేలు చేశానని సంతోషపడ్డాను కూడా. ఫైళ్ళకు 1 నుంచి 12 దాకా అంకెలు పేర్లుగా పెట్టి ఇచ్చాను.

నాలుగు రోజులు తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చారు. "మొదటి పాట అవ్వగానే పదోది వచ్చేస్తుందండి!"

నాకు నవ్వొచ్చింది. నిఘంటువులో మాటల్ని అక్షరం అక్షరం చూసి పేర్చినట్టు, యంత్రం అంకెల్ని కూడా ఒక్కొక్కటిగా చూస్తుంది. 1 తర్వాత 10, 11, 12 అయ్యాకే దానికి 2 కనిపిస్తుంది. 01, 02 అని రాస్తే సరిపోయే జబ్బు.

"నవ్వకండి బాబూ. నిన్న మా ఇంట్లో అన్నం మాడిపోయింది" అన్నారావిడ.

పాటకూ అన్నానికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు.

"మా అత్తగారికి కళ్ళు కనపడవండి. పొద్దున్నే నేను పనిలోకి పోతే ఆవిడే వండుతారు, పాటల లెక్కన. పడవ పాట మొదలవ్వగానే ఎసట్లో బియ్యం పోస్తారు. ఏడుపు పాట వస్తే మంట తగ్గిస్తారు. నిన్న ఆ ఏడుపు పాట ఎంతకీ రాలేదు కదండీ! మా ఆయన, ఇంకోసారి ఇలాగైతే అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వనని అనేసేరు. ఎక్కడ ఒళ్ళు కాల్చుకుంటారోనని ఆయన భయం. తప్పని కాదు. కానీ ఆ పొయ్యి కూడా లాగేసుకుంటే ఇంక ఆవిడ గోడకి ఆనుకుని కూర్చోవడమేనండి."

ఈసారి పెట్టె కూడా తెప్పించుకున్నాను. పేర్లు మార్చాను. కంప్యూటర్‌లో వరుస అద్దంలా ఉంది. పెట్టెలో పెడితే మళ్ళీ మొదటి పాట తర్వాత పదోదే. దేని తర్వాత ఏది పాడాలో చెప్పే ప్లేలిస్ట్ అనే చిన్న ఫైల్ రాసిపెట్టాను. పెట్టె దాన్ని కన్నెత్తి చూడలేదు.

గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే సంగతి దొరికింది. అలాంటి చవక పెట్టెలకు పేర్లతో పని లేదు. పెన్ డ్రైవ్‌లోకి ఏ ఫైల్ ముందు వస్తే దాన్నే ముందు పాడతాయి. పెళ్ళి భోజనాల బంతిలో ముందొచ్చినవాడు ముందు కూర్చుంటాడు. ఇంటిపేరు ఎవరడుగుతారు? మొదటిసారి కంప్యూటర్ వాటిని 1, 10, 11 వరుసలోనే పంపింది. ఆ తర్వాత నేను పేర్లయితే మార్చాను గాని, ఫైళ్ళు కూర్చున్న చోటి నుంచి లేవలేదు. అన్నీ తుడిచేసి, ఒకటి చేరాక ఇంకొకటి చొప్పున మళ్ళీ ఎక్కించాను. వరుస కుదిరింది.

అయినా ఊరికే ఇచ్చి పంపడానికి మనసొప్పలేదు. ఆదివారం ఆటో ఎక్కి నేనే తీసుకెళ్ళాను. రత్నం గారి భర్త సత్తిబాబు అరుగు మీదే ఉన్నారు.

"రండి రండి. ఇయ్యాళ మనకి అన్నమాండీ, బొగ్గాండీ?"

లోపల్నుంచి వాళ్ళమ్మ సుందరమ్మ గారు అందుకున్నారు. "నీ మొహం! పుట్టిన కాడి నుంచీ నా చేతి కూడే తిన్నావు. ఏనాడన్నా వంక పెట్టేవురా?"

పాటలు మొదలయ్యాయి. పడవ పాటకి బియ్యం పడ్డాయి. ఏడుపు పాటకి మంట తగ్గింది. రత్నం గారు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వారు. ఆరో పాట సగానికి వచ్చింది. సుందరమ్మ గారు చెయ్యి కడుక్కుని లేచారు. గోడ పట్టుకుని పెట్టె వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

"ఇక్కడ తెగాలి కదండీ బాబూ?"

"పాట పూర్తిగా పెట్టానండి. బావుంటుందని."

"ఆయ్, బావుందండి." చెంగుకి చెయ్యి తుడుచుకున్నారు. "కానీ మిగతాది నేను పాడుకుంటానండి."

క్యాసెట్ అక్కడ తెగినప్పుడల్లా భర్త, "అది ఆగిపోయింది, నువ్వందుకో" అనేవారట. ఆవిడ మిగతా పాట పాడుకుంటూ వెళ్ళి క్యాసెట్ తిరగేసి వచ్చేవారట. పాట అయ్యేసరికి మెతుకు సరిగ్గా ఉడికేదట. ఆయన పోయినా, కళ్ళు పోయినా ఆ పాట మానలేదు. ఎప్పుడు వార్చాలో ఆవిడకి చెప్పేది ఆ పాటే.

సగం దగ్గర కోసేసి ఊరుకుంటే చాలదని అప్పుడు తట్టింది. పెన్ డ్రైవ్‌ని తిరగేసే పని లేదు. ఆరో పాట తెగిన మరుక్షణం తర్వాతి పాట వచ్చి ఆవిడ గొంతు మీద పడుతుంది.

"ఒకసారి ఆ మిగతాది పాడతారాండీ?"

"నేనా? మీ ముందరా?"

"పాడండి అత్తయ్యా, మన దుకాణం బాబే కదా" అన్నారు రత్నం గారు.

సుందరమ్మ గారు గుమ్మం పట్టుకుని, తల వంచుకుని పాడారు. ఒకచోట శ్వాస తీసుకోవడానికి ఆగారు, మళ్ళీ అందుకున్నారు. నేను వాచీ చూస్తున్నాను. ఆ ఆగడాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను.

దుకాణానికి వచ్చి ఆరో పాటను పాత చోటే తెంపాను. శబ్దమేమీ లేని ఫైల్ ఒకటి, ఆవిడ పాట ఎంతసేపో అంతసేపు ఉండేలా తయారుచేసి, ఏడో చోట కూర్చోబెట్టాను. మిగతా పాటల్ని దాని తర్వాత ఒక్కొక్కటిగా ఎక్కించాను.

ఆపై వారం సత్తిబాబే కొబ్బరి బొండాలు పట్టుకుని వచ్చారు.

"మాడిందాండీ?" అన్నాను భయంగా.

"మాడలేదండి, పలుకు కూడా లేదు. రోజూ అమ్మే వండుతుంది." బొండాలు కింద పెట్టారు. "ఆ ఖాళీ వచ్చేసరికి నేను కూడా వంటింటి గుమ్మంలోకెళ్ళి కూర్చుంటున్నానండి."

అంతవరకూ వరుస అంటే పాట తర్వాత పాట, అంతే అనుకున్నాను. ఆ తర్వాత ఎవరు పాత క్యాసెట్ తెచ్చినా, అందులో ఏమున్నాయని అడిగే ముందు, "ఇది వింటూ ఏం చేస్తారండీ?" అని అడగడం అలవాటు చేసుకున్నాను.

శబ్దం లేకపోయినా ఫైల్‌కు ఒక పేరు పెట్టక తప్పదు. ఆ ఏడోదానికి 'సుందరమ్మ గారు' అని పెట్టాను.