సిస్టర్ దగ్గర నా బేరం

మాది జంషెడ్‌పూర్. కిరాణా కొట్టులో పెరిగినదాన్ని కాబట్టి, అడిగిన ధరకి కొత్తిమీర కట్ట కూడా కొనను. మా ఆయన వర్క్‌షాపులోకి ఇంట్లోవాళ్లను ఏడాదికి ఒక్కసారి, సెప్టెంబరులో మెషీన్లకి చేసే విశ్వకర్మ పూజ రోజే రానిస్తారు. కిందటేడు, నాన్న మెషీన్ చూస్తానని మూడో తరగతి చదివే మా పాప ఒకటే గోల. దానిదేమో కాసిడీహ్‌లో క్రైస్తవుల స్కూలు. క్రిస్మస్‌కి బోలెడు సెలవులిస్తారు, విశ్వకర్మకి ఒక్క పూట ఇవ్వరు!

ఒళ్లు మండి ప్రిన్సిపాల్ సిస్టర్‌ని రోజంతా సెలవు అడిగాను.

"కుదరదు" అన్నారావిడ హిందీలో.

"పోనీ, ఒక పూట?"

"కుదరదమ్మా."

ఇక నా పాత అస్త్రం తీశాను. "సరే, వస్తాను" అని లేచి, బట్టల కొట్లోంచి వెళ్లిపోయినట్టు నెమ్మదిగా నడిచాను. వెనక్కి పిలుస్తారు కదా! వరండా దాటాను. గేటు వచ్చేసింది. ఎవరూ పిలవలేదు.

"కుఛ్ భూల్ గయీ క్యా, దీదీ?" అని, ఏమైనా మర్చిపోయానా అన్నట్టు వాచ్‌మన్ నవ్వాడు. తల దించుకుని వెనక్కి వెళ్లాను.

సిస్టర్ కాగితాల్లోంచి తలెత్తలేదు. "మా నాన్నది బట్టల కొట్టు. బేరం మధ్యలో లేచి వెళ్లేవాళ్లను వెనక్కి పిలిచేవాడు కాదు. తిరిగొస్తే నిజంగా కావాలని వచ్చినట్టే అనేవాడు. మధ్యాహ్నం పాపను తీసుకెళ్లండి. క్రిస్మస్‌కి స్కూల్లో కట్టే, యేసు పుట్టిన పశువుల పాకకి గడ్డి మాత్రం మీదే."

డిసెంబరులో, నది అవతల మాంగో పేట నుంచి ఆటోలో ఒళ్లో గడ్డిమోపు గుచ్చుకుంటుంటే, పక్కనున్న మా ఆయన, "ఏటే, నెగ్గినావా, ఓడిపోనావా?" అన్నాడు. పాప ఆయన లేత్ మెషీన్‌కి బొట్టు పెడుతున్న ఫొటో చూపించి నోరు మూయించాను.

ఇప్పుడు ఏ కొట్లోనైనా లేచి నడిచే ముందు, కొట్టువాడి మొహం ఒకసారి జాగ్రత్తగా చూసుకుంటున్నాను.