అయివారి కుర్చీ, నా పటం

ఆ సాయంత్రం అయివారి వసారాలో ఉన్న వస్తువులు: రెండు ఈతచాపలు, ఒక నల్లబల్ల, ఒక చేతుల కుర్చీ, ఇంకా వెలిగించని లాంతరు ఒకటి. ఉన్న మనుషులు: కుర్చీలో అయివారు, చాపల మీద ఇంగ్లీషు చదువుకోవడానికి వచ్చే ఎనిమిది మంది పెద్దవాళ్ళు, గోడకు ఆనుకుని నేను, గడప మీద నగరి నుంచి వచ్చిన అతను.

అయివారు తిరుపతిలో చాలాకాలం హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పి రిటైరైనవారు. యుద్ధం నడుస్తున్న రోజులవి. కిరసనాయిలు రేషను కార్డు మీద కొలిచి ఇచ్చేవాళ్ళు, అందువల్ల చీకటి పడేలోగా పాఠం ముగిసేది. వచ్చే ఎనిమిది మందిలో కొందరికి డిపార్టుమెంటు పరీక్షలున్నాయి, ఒకరిద్దరికి ఇంగ్లీషు తెలుసనిపించుకోవాలన్న సరదా మాత్రమే ఉంది. పద్ధతి ఒక్కటే. అయివారు ఒక వాక్యం చెబితే, అందులోని ఒక్కొక్క మాటా ఏ జాతిదో అందరూ గొంతు కలిపి వల్లించాలి. “కౌ... కామన్ నౌను, సింగ్యులర్ నంబరు, థర్డ్ పర్సను, నామినేటివ్ కేసు” అని మా వీధి చివరిదాకా వినిపించేది. దీన్ని పార్సింగు అనేవాళ్ళు.

ఆ సాయంత్రం పార్సింగు లేదు. అయివారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, నా వైపూ గడప మీద అతని వైపూ మొహం తిప్పారు.

“నా కండ్లు పోతా ఉండాయప్పా. వచ్చే నెల చిత్తూరుకు, నా కూతురింటికి పోతా. ఈ పాఠం మాత్రం నిలిచిపోగూడదు. మీ ఇద్దరిలో ఒకరు ఈ కుర్చీలో కూర్చోవల్ల. చెరొక వారం చెప్పండి. నేను వింటా.”

నాకు ఆ కుర్చీ కావాలి. ఎందుకో కూడా చెబుతాను. నేను మద్రాసులో సర్వే, డ్రాయింగు చదివి, సర్టిఫికెట్టుతో వచ్చి, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నవాణ్ణి. “నా కొడుకు ఏం చేస్తా ఉండాడని చెప్పుకోవల్లరా ఊర్లో?” అని నాయన అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అడిగేవాడు. ఆ కుర్చీలో కూర్చుంటే నన్ను కూడా నలుగురూ “అయివారూ” అంటారు. ఆ పిలుపు కావాలి నాకు.

అతనిది నగరి వైపు ఊరు. అరవం కలిసిన తెలుగు. ఇంటర్ పాసై, సత్రాల దగ్గర యాత్రికులతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు పట్టుకున్నాడు. మంచి గొంతు. చొక్కాకు పై గుండీ ఉండేది కాదు, అయినా అతనికి అది బాగానే ఉండేది. ఇవన్నీ నేను మొదటి రోజే గమనించాను.

మొదటి వారం నాది. మద్రాసులో మిగిలిన డ్రాయింగు కాగితం ఒకటి నా పెట్టెలో ఉండేది. ఆ రోజుల్లో అలాంటి కాగితం కొందామన్నా దొరికేది కాదు. దాని మీద టీ స్క్వేరు బద్ద పెట్టి గళ్ళు గీశాను. అడ్డంగా ఎనిమిది వరసలు: నౌను, ప్రొనౌను, అడ్జెక్టివు, వెర్బు, అడ్వెర్బు, ప్రిపొజిషను, కంజంక్షను, ఇంటర్జెక్షను. నిలువుగా తెలుగు పేరు, చేసే పని, ఏ ప్రశ్నకు జవాబు, వాక్యంలో చోటు, ఇలా ఇంకో ఎనిమిది. పేర్లకు ఎర్ర సిరా, ఉదాహరణలకు నల్ల సిరా. పటం మేకుకు తగిలించగానే ఎనిమిది మందీ లేచి దగ్గరికి వచ్చారు.

“బలే గీసినావప్పా! అచ్చు కొట్టించినట్టే ఉండాది,” అన్నాడు సత్రం గుమాస్తా. ఆయన లావుపాటి మనిషి, ఎక్కడున్నా ముందు ఆయన గొంతే వినపడుతుంది.

రోజుకు రెండు వరసలు చెప్పాను. ఏది అడిగినా టక్కున జవాబు వచ్చేది. నాకు నమ్మకం కుదిరింది. వారం చివర పటాన్ని గోడవైపు తిప్పి, అడ్వెర్బు చేసే పని ఏమిటని అడిగాను. అందరూ తిరగేసిన కాగితం వైపే చూశారు. వాళ్ళు ఇన్ని రోజులూ నాకు చదివి వినిపించారంతే.

“దాన్ని తిప్పేస్తే ఎట్లప్పా?” అన్నాడు సత్రం గుమాస్తా. “పరీక్షకు పోయేటప్పుడు మాతోపాటు పంపిస్తావా యేమి?”

అందరూ నవ్వారు. లోపల మంచం మీద నుంచి అయివారు దగ్గిన చప్పుడు వినిపించింది. అది నవ్వా దగ్గా తేల్చుకోలేకపోయాను.

రెండో వారం అతను చేతులు ఊపుకుంటూ వచ్చాడు. సుద్దముక్క కూడా ముట్టుకోలేదు. నేను గోడ పక్కన కూర్చున్నాను, అతని తప్పులు పట్టుకుందామని.

“ఇత్తళి సామాన్ల అంగడి అన్నా, నువ్వు పొద్దున నుంచి ఆడనే కూర్చోనుంటావు. అడిగితే పేరు చెప్తావు. నువ్వు నౌను. ఏమబ్బా టపా బంట్రోతూ, నువ్వు ఒక చోట నిలబడింది ఎవరన్నా సూసినారా? నువ్వు వెర్బు.”

తాలూకా ఆఫీసులో సెలవు పెట్టిన వాళ్ళ బదులు పనిచేసే యాక్టింగు గుమాస్తా ప్రొనౌను అయ్యాడు, ఇంకొకరి చోట కూర్చుంటాడు కాబట్టి. దేన్నయినా అందంగా చేస్తాడని పూల వ్యాపారి అడ్జెక్టివు. బంట్రోతును “తొందరగా, తొందరగా” అని తరిమే ఆయన అడ్వెర్బు. ఎప్పుడూ స్తంభానికి ఆనుకుని కూర్చునే ఆయన ప్రిపొజిషను. ప్రతిదానికీ “అబ్బా” అనే ఆయన ఇంటర్జెక్షనని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

“నేనేందప్పా మరి?” అని సత్రం గుమాస్తా ముందుకు జరిగాడు.

“మొన్న రెండు పెండ్లిండ్లు కుదిర్చింది ఎవరు? నువ్వు కంజంక్షను.”

“ఆమా, ఆమా!” అని, ఔనంటూ అతని అరవాన్నే అతనికి అప్పగించాడు గుమాస్తా. వసారా అంతా నవ్వు.

ఒకసారి అతన్ని ఎవరో ఏదో అడిగితే, “నాకు తెలీదబ్బా. మీలో ఎవరన్నా చెప్తారా?” అన్నాడు. నాకు తెలుసు. నేను చెయ్యి ఎత్తలేదు. వాళ్ళే తంటాలు పడి, వాదించుకుని చెప్పుకున్నారు. అతని తప్పులు రెండు పట్టుకున్నాను. చెప్పడానికి సమయం రాలేదు, వాళ్ళకు అడ్డం వెళ్ళే సందు దొరకలేదు.

ఆ వారంలో బజారుకు వెళ్ళడం నాకు కష్టమైంది. ఇత్తడి సామాన్ల అంగడి ముందు టపా బంట్రోతు నిలబడి “ఏం నౌనూ, బోణీ అయిందా?” అని కేకవేస్తున్నాడు. “నువ్వు పో వెర్బూ,” అని లోపలి నుంచి జవాబు. ఇంటికి వస్తే నాయన నవ్వుతూ చెంబు దించాడు.

“ఎవరో నగరి పిల్లోడంట, బలే చెప్తాడంట గదరా! అంగడికాడ ఆ మాటే మాట్లాడతా ఉండారు.”

నా పటం గురించి అంగడి దగ్గర ఎవరూ మాట్లాడలేదని నాకు అర్థమైంది. 

చివరి రోజు పాఠం ముగిశాక సత్రం గుమాస్తా నన్ను చూపించి అడిగాడు. “మనందరికీ పేర్లు పెట్టినావు. ఈ పటం అప్పకు ఏం పేరు?”

అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. “ఆయనకు వేరే పేరేందబ్బా? ఎనిమిదీ ఆయన గీసిన పటంలోనే ఉండాయి గదా,” అన్నాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద కూడా నాకు కడుపుమంటే.

మరునాడు అయివారు ఇద్దరినీ పిలిచారు. “నీ పటం తీసుకొనిరా,” అన్నారు నాతో. మేకు నుంచి తీసి ఆయన ముందు పరిచాను. ఆయన వంగి చూస్తారనుకున్నాను. చూడలేదు. వేళ్ళతో కాగితం అంచు నుంచి అంచుదాకా తడిమారు. ఎర్ర సిరా మీద, నల్ల సిరా మీద, ఖాళీల మీద, అన్నిటి మీదా ఒకే రకంగా ఆ వేళ్ళు జరిగాయి. ఆయనకు గీతలు కనపడటం లేదని నాకు అప్పుడు తెలిసింది. వింటానని ఆయన మొదటే చెప్పారు.

“మంచి కాగితం,” అన్నారు. “ఈ కరువులో యాడ దొరికిందప్పా?”

మద్రాసులో అన్నాను.

ఆయన మొహం గడపవైపు తిప్పారు. “నువ్విట్ల రా. కూర్చో.”

అతను వెంటనే కూర్చోలేదు. నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. కుర్చీ కిర్రుమంది.

నేను పటం చుట్టడం మొదలుపెట్టాను. “దాన్ని ఈడనే ఉండనీప్పా,” అన్నారు అయివారు. “వాండ్లకు పనికొస్తాది.”  మళ్ళీ మేకుకు తగిలించి వచ్చాను.

ఆరు నెలలకు నాకు చిత్తూరు వైపు సర్వే పని దొరికింది. తిరుపతి వచ్చినప్పుడల్లా ఆ వీధిలోంచే ఇంటికి వెళతాను. చుట్టుదారి, అయినా అటే వెళతాను. మొన్న వెళ్ళినప్పుడు వసారాలో కొత్త మనుషులు ఇంకా చాలామంది చేరారు. “చిన్నయివారూ, ఈ మాట ఏ వరస?” అని ఎవరో అడుగుతున్నారు. “పైనుంచి ఐదోది సూడండబ్బా,” అన్నాడు అతను, బెత్తం పటం మీద పెట్టి. గొంతు ఇంకా బాగానే ఉంది. నేను పిట్టగోడ అవతల వీధిలో నిలబడి అంతా చూశాను, విన్నాను. పటం అంచులు పచ్చబడ్డాయి, గీతలు చెదరలేదు.

అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది. గళ్ళు అరవై నాలుగు, అన్నీ నేను గీసినవే.